అబద్ధానికి మెత్తని పేర్లు

“నాట్ ఎంటైర్లీ ఆక్యురేట్” అన్నాడు మేనేజరు.

దుబాసీకి ఒళ్లు మండింది. పూర్తిగా సరైనది కాదట!

ఒకళ్ల మాట ఇంకొకళ్లకు చేరవేయడమే ఆమె బతుకుతెరువు. ఇంగ్లీషులో అబద్ధానికి ఎన్ని ముద్దుపేర్లున్నాయో ఆమెకు కంఠతా వచ్చు. పిల్లలు ఆడితే అది ‘ఫిబ్’. చుట్టాల వంట అద్భుతంగా ఉందంటే ‘వైట్ లై’. నాయకుడు ఆడితే ‘మిస్‌స్పోక్’, అంటే పాపం నోరు జారిందని. ఆఫీసులో ఆడితే ‘ఇన్‌ఆక్యురేట్’. ‘లై’ అనే మాట మాత్రం మర్యాదస్తులు ఎదుటివాడి మొహం మీద అనరు. అంటే కొట్టినంత పని.

“ఏమంటున్నాడమ్మా?” అన్నాడు విచారణాధికారి.

“నా మొదటి వాంగ్మూలం పూర్తిగా సరైనది కాదు” అంది, దుబాసీల పద్ధతిలో, తనే మేనేజరైనట్టు.

టైపిస్టు ఆ ముక్క కొట్టింది. బల్లకు ఆ చివర మిషను ఆపరేటరు కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆవిడకు ఆ వాక్యంలో తల ఏదో తోక ఏదో తెలియలేదు.

అది బిస్కెట్ల ఫ్యాక్టరీ. పిండి కలిపే మిషనుకు మూత సరిగ్గా పట్టక, పక్కన పనిచేస్తున్న అమ్మాయి చెయ్యి నలిగిపోయింది. మూత తీసి నడిపింది ఆపరేటరే అంది కంపెనీ. తప్పు ఆవిడదని తేలితే ఉద్యోగం పోతుంది, కేసూ మెడకు చుట్టుకుంటుంది.

“మూత పట్టట్లేదు సార్, మిషను ఆపేస్తానని ఈయనకి చెప్పాను. నడపమన్నారు. నా మీద ఒట్టు” అని ఆవిడ పొద్దుటినుంచీ అదే మాట మీద ఉంది.

మేనేజరు పరాయి దేశం నుంచి వచ్చినవాడు. తనకు ఎవరూ ఏమీ చెప్పలేదని మొదట రాసిచ్చాడు. ఇప్పుడేమో, ఆవిడ ఏదో చెప్పిన మాట నిజమేగానీ తెలుగు ముక్క కూడా రాని తనకు అర్థం కాలేదంటున్నాడు. అందుకే దుబాసీని పిలిపించారు. అధికారి ఇంగ్లీషంటే చిరాకుపడే మనిషి. “ఆవిడకి తెలియని భాష నా రికార్డులోకి ఎక్కదు. తెలుగులో మీరేది చెబితే అదే నాకు వాంగ్మూలం” అని ఆమెతో ముందే చెప్పేశాడు.

దుబాసీకి మేనేజరు వాలకం మొదటినుంచీ నచ్చలేదు. ప్రశ్నను ఆమె ఇంగ్లీషులోకి మార్చడం పూర్తికాకుండానే జవాబు అందుకుంటున్నాడు. అంతా ఇంటి దగ్గర బట్టీపట్టి వచ్చాడన్నమాట! ఆపరేటరు మాట్లాడుతున్నంతసేపూ బల్ల వైపే చూస్తున్నాడు. ఆ అమ్మాయి ఇక చెయ్యి ఎత్తలేదని ఆవిడ కళ్లు తుడుచుకున్నప్పుడైతే, కలం మూత పెట్టడం కూడా చేతకాలేదు అతనికి. దొంగ దొరికిపోయేముందు ఇలాగే ఉంటాడనుకుంది దుబాసీ.

“ఆవిడ మిషను వైపు చూపించి చెబుతుంటే, ఆ మాత్రం తెలియలేదా?” అధికారి అడిగాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. తను పొరపాటుగా గుర్తుపెట్టుకుని ఉండవచ్చన్నాడు. సమాచారలోపం జరిగి ఉండవచ్చన్నాడు. చివరికి, “ఐ మే హ్యావ్ మిస్‌స్పోకెన్” అన్నాడు.

నోరు జారి ఉండవచ్చట. ఇది ఇలాగే టైపైతే ఎవరికీ ఏమీ అంటదు. కంపెనీ చల్లగా ఉంటుంది, మేనేజరు చల్లగా ఉంటాడు. ఆవిడ మాత్రం రోడ్డున పడుతుంది.

దుబాసీ తన జన్మలో ఎవరి మాటా మార్చలేదు. మార్చినట్టు తెలిస్తే మళ్లీ ఏ గుమ్మమూ తొక్కనివ్వరు. అయినా నోరు తెరిచింది.

“నేను చెప్పింది అబద్ధం.”

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. మేనేజరు తలెత్తి దుబాసీ వైపు చూశాడు.

అధికారి ముందుకు వంగాడు. “అంటే, మూత పట్టట్లేదని ఆవిడ చెప్పింది మీకు అర్థమైంది. అయినా నడపమన్నారు. అంతేనా? అడగండమ్మా.”

దుబాసీ ఇరుక్కుపోయింది. ఈ ప్రశ్న ఉన్నదున్నట్టు అడిగితే అతను కాదంటాడు, తన బండారం బయటపడుతుంది. అతనిచేత అవుననిపించే ప్రశ్న ఒకటి కావాలి. అదీ అధికారికి అంతుపట్టకూడదు. ‘వాటర్’ అంటే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆ మాట రాకుండా, మీ గొంతు బాగా ఎండినట్టుంది, కాస్త తడుపుకుంటారా అని, పెద్దపెద్ద మాటలు కూర్చి గబగబా ఇంగ్లీషులో అడిగేసింది.

మేనేజరు ఆమెను చూశాడు. బల్ల చివరనున్న ఆపరేటరును చూశాడు. ఈసారి జవాబుకు చాలాసేపు పట్టింది.

“యెస్” అన్నాడు.

“అవును” అంది దుబాసీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆపరేటరు రెండు చేతులతో మొహం కప్పుకుని భోరుమంది. టైపు చేసిన కాగితం మేనేజరు ముందుకు జరిపారు. దుబాసీ గ్లాసులో నీళ్లు పోసి అతని ముందు పెట్టింది. అతను సంతకం పెట్టి లేచాడు. నీళ్లు ముట్టనే లేదు.

తెలుగు రానివాడు చదవకుండా సంతకం పెట్టాడు కాబట్టి సరిపోయింది, రేపు ఎవరైనా చదివి చెబితే నా గతేమిటి అనుకుంటూ ఆమె గబగబా బయటపడింది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. మేనేజరే.

అతను మెట్ల దగ్గర ఆమెను అందుకుని, అటూ ఇటూ చూసి, రవ్వంత యాస కూడా లేని తెలుగులో, “నేను యెస్ అన్నది మంచినీళ్లకు కాదండీ” అన్నాడు.