ఉప్పునీళ్ల తొట్టిలో పాచి

గాజు గొట్టంలో పోసిన తొట్టి నీళ్లు పరీక్ష మందు చుక్కలు పడగానే మళ్లీ నీలం రంగుకు తిరిగాయి. నిన్నటికంటే చిక్కగా.

"మళ్లీ ఫాస్ఫేటే!" మహేశ్వర్ తల పట్టుకున్నాడు.

సముద్రం మొహమెరగని నంద్యాలలో, ఇంటి హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టిన మొనగాడు అతను. చెన్నై నుంచి తెప్పించిన ఉప్పు, క్యాన్లలో కొన్న శుద్ధమైన నీళ్లు, నారింజ రంగు చేపల జంట, రంగురంగుల పగడాలు. ఇప్పుడా పగడాలను పచ్చటి పాచి జుట్టులా కమ్మేసింది. ఒక్కటంటే ఒక్క పగడం ఇంకా కొన ఊపిరితో ఉంది. అది కూడా పోతే మహేశ్వర్‌కు ముద్ద దిగదు.

"ఆదివారం దాకా చూస్తా," అంది భార్య అనిత చీపురు పట్టుకుని. "అప్పటికీ ఆ పాచి పోలేదనుకో, తొట్టి కడిగి చెనక్కాయలు పోసుకుంటా."

మహేశ్వర్ కర్నూలులో అక్వేరియం షాపు నడిపే వినయ్‌కి ఫోన్ కొట్టాడు.

"అన్నా, పాచికి ఫాస్ఫేటే బలం. అది ఊరికే రాదు," అన్నాడు వినయ్. "మేత ఎక్కువేసినా, సబ్బు చెయ్యి ముంచినా వస్తాది. మీ ఇంట్లో ఎవురో చెయ్యి పెడ్తాండారు, చూసుకో."

మహేశ్వర్ ఫోన్ పెట్టేసి భార్య వంక చూశాడు.

"నన్నేంది చూస్తాండావ్? నాకు అంట్లు తోముకునేకే తీరదు!"

మేత తగ్గించాడు. నీళ్లు మార్చాడు. పాత బ్రష్షు తీసుకుని చొక్కా తడిసేలా రాళ్లు రుద్దాడు. అతని తండ్రి మద్దిలేటి పక్కనే నిలబడి నవ్వాడు. శనగ కోతలయ్యాక ఆళ్లగడ్డ చేను కౌలుకిచ్చి కొడుకు దగ్గరికొచ్చిన మనిషి. చేసే పని లేక ఆయనకు చేతులు దురదగా ఉన్నాయి.

"పచ్చగుండేదాన్ని పీకేసి రాళ్లు తోముతాండావు. ఏం సదువురా నీది!"

"అవి రాళ్లు కాదు నాయనా, ప్రాణముండేటివి. పెరుగుతాయి."

"ఎంత?"

"యాడాదికి అంగుళం."

"నా చేన్లో అయితే దున్నేసుందు."

మహేశ్వర్‌కు చిర్రెత్తుకొచ్చింది. కానీ అంతలోనే ఒక ఉపాయం తట్టింది. "నాయనా, నేను మన అంగట్లో ఉన్నంతసేపూ దీని కాడ కూర్చో. పరాయి చెయ్యి పడకుండా చూడు, చాలు."

"కాపలానా? అది మనకు కొత్తేం కాదులే." మద్దిలేటి తుండుగుడ్డ తలకు చుట్టి, కుర్చీ తొట్టి పక్కకు లాక్కున్నాడు.

ఆ కాపలా చూసి తీరాల్సిందే. పక్కింటి రూతమ్మ చేపలకని ముచ్చటపడి బొరుగులు తెస్తే, గడప దాటనివ్వకుండా వెనక్కి పంపాడు. అద్దం తుడుద్దామని తడిగుడ్డతో వచ్చిన కోడలిమీదికి కర్ర ఎత్తాడు. అన్నం కూడా ఆ కుర్చీలోనే. అంత కాపలా ఉన్నా గొట్టంలో నీళ్లు రోజురోజుకూ ముదురు నీలమయ్యాయి. పాచి చివరి పగడం అంచుదాకా పాకింది.

ఆదివారం పొద్దున్నే అనిత బకెట్టు, పైపు పట్టుకుని వచ్చింది. మాటంటే మాటే ఆవిడకు. మహేశ్వర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆగమ్మా!" మద్దిలేటి చేతులు రెండూ చాచి తొట్టికి అడ్డం నిలబడ్డాడు. "దీని మీద చెయ్యేస్తే నేను ఈ పొద్దే ఆళ్లగడ్డ బస్సెక్కుతా!"

అనిత బిత్తరపోయి బకెట్టు కింద పెట్టింది. మహేశ్వర్ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఎగతాళి చేసిన నాయన ఇప్పుడు తనకు అండగా నిలబడ్డాడు.

"నాయనా, నీకు దీనిమీద ఇంత ప్రేమ ఉన్నట్టు నాకు తెల్దే!"

"లేకుండా ఎట్లుంటాదప్పా? వచ్చిన కాన్నుంచి నా చేత్తో సాకుతాండాను గదా!"

మద్దిలేటి తుండుగుడ్డ కొసన కట్టిన ముడి విప్పాడు. అందులోని బూడిదరంగు పొడి అరచేతిలో పోసుకుని, గర్వంగా తొట్టి వైపు చూశాడు.

"నువ్వు పీకతానే ఉంటివి, నేను పొద్దుకొక చిటికెడు సూపర్ ఫాస్ఫేట్ యేస్తానే ఉంటి. చూడు, పైరు ఎట్ల లేసిందో!"