ఫొటోకు అడ్డొచ్చిన మనిషి

"ఈయన్ని తీసెయ్," అన్నాడు ఉమాకాంత్, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి.

నారాయణగూడలోని అతని స్టూడియోలో ఫొటోలు దిద్దే పని సింధూరది. ఆమె ముందుకు వంగి చూసింది.

తెర నిండా గండికోట. ఎర్రటి కొండల నడుమ లోతుగా పెన్నా లోయ. పైన కారుమబ్బు. మబ్బు అంచు కింద నుంచి దూరిన సాయంత్రపు ఎండకు రాళ్లన్నీ రాగిరంగుకు తిరిగాయి. ఆ అందం మధ్యలో, లోయ వంపుకు అవతల, బండ మీద ఒక మనిషి. చేతిలో తువ్వాలు.

"సార్, ఏదో చెప్తున్నట్టున్నడు. జర పెద్దగ చేసి చూద్దామా?"

"ఏం చెప్తడు! నన్ను గూడ ఫొటో తియ్యమంటున్నడు. కెమెరా కనవడితే చాలు, మనోళ్లకు పూనకమొస్తది."

ఉమాకాంత్ కోపానికి కారణం లేకపోలేదు. ఆ వెలుతురు కోసం అతను లోయ అంచున అన్నిటికన్నా ఎత్తయిన బండ మీద కెమెరా స్టాండు నిలబెట్టి మూడు రోజులు పడిగాపులు కాశాడు. పొద్దున ఇటుకపొడిలా ఉండే లోయ మధ్యాహ్నానికి బూడిదలా పాలిపోయేది. మూడో రోజు సాయంత్రం గాలి లేచింది. మబ్బు కమ్మింది. చూడడానికి వచ్చినవాళ్లంతా మండపం కిందికి పరుగెత్తారు.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ వెలుతురు. సరిగ్గా అప్పుడే దాపురించాడు ఈ మనిషి కూడా.

"పక్కకు జరుగు!" అని అరిచాడు ఉమాకాంత్.

గాలికి మాట అవతలికి పోలేదు. ఆ మనిషి ఇంకా గట్టిగా తువ్వాలు ఊపాడు. ఎన్ని ఫొటోలు తీసినా అన్నింటిలోనూ అతనే.

ఒళ్లు మండి, స్టాండు మడిచి, తిట్టుకుంటూ బండ దిగాడు ఉమాకాంత్. కాస్త దూరం పోయాడో లేదో, వెనక ఆకాశం పగిలినంత చప్పుడైంది. వాన విరుచుకుపడింది. తిరిగి చూడకుండా పోయి కారెక్కాడు.

సింధూర ఆ మనిషిని చెరిపేసింది. అతను నిలబడ్డ చోట కాస్త రాయి, కాస్త మబ్బు అతికించింది. ఎంత పరకాయించి చూసినా ఎవరూ పోల్చుకోలేరు.

చిక్కడపల్లిలో పెట్టిన ప్రదర్శనకు ఆ ఫొటోనే తలమానికమైంది. గోడంత చేసి తగిలించారు. పక్కనున్న గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వచ్చి, "కిరాక్ ఉందన్న!" అని దాని ముందు సెల్ఫీలు దిగారు.

మర్నాడు మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. మిగతా ఫొటోల వైపు చూడనే లేదు. సరాసరి దీని ముందుకొచ్చి, చెప్పులు విడిచి నిలబడింది.

ఉమాకాంత్‌కు నవ్వొచ్చింది. "అమ్మా, ఇది గుడి కాదు. చెప్పులు ఏస్కోండ్రి."

"మా గల్లీ పిల్లల ఫోన్ల ఈ ఫొటో చూసి వచ్చిన. ఇది గండికోటనే కదా సార్?"

"అవునమ్మా. మీరు చూసిండ్రా?"

"మొన్న వానకాలం పోయినం. నా పేరు నవనీత. అశోక్‌నగర్‌ల మాకు జిరాక్స్ షాపుండె." చెయ్యి చాచి, ఫొటోలోని ఖాళీ బండను తాకింది. "మా ఆయన నాగేందర్ ఈ బండ మీదనే పోయిండు సార్. పిడుగు పడ్డది."

ఉమాకాంత్ ముఖంలో నవ్వు చచ్చిపోయింది.

"అందరం మండపం కింద నిలవడ్డం. లోయ దిక్కు చూస్కుంట ఉన్న మనిషి, 'ఇప్పుడే వస్త' అని ఉరికిండు. ఎందుకు పోయిండో ఎవ్వలకు తెల్వదు. ఫొటో పిచ్చితోని పాణం తీస్కున్నడని గల్లీల అందరంటరు. మా అత్తమ్మ గూడ గట్లనే అంటది. ఆయనకు ఫొటో అంటేనే సిగ్గు సార్. నాన్న వానల ఎందుకు పోయిండని మా పిల్ల అడుగుతది. ఏం చెప్పాలె నేను?"

ఉమాకాంత్ జేబులో ఫోను తడుముకున్నాడు. చెరపకముందు ఎలా ఉండేదో స్నేహితులకు చూపించి నవ్వుకోవడానికి, అసలు ఫొటోను ఫోనులో దాచుకున్నాడు. ఇప్పుడు చూపించకుండా ఊరుకోవచ్చు. ఆవిడకు తెలిసే దారి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

నవనీత చూసింది. వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది. ఆ పని ఉమాకాంత్ ఒక్కసారైనా చెయ్యలేదు.

"ఈయనే. ఈయనే సార్." తెర మీద పడ్డ కన్నీళ్లను కొంగుతో తుడిచింది. ఏడుస్తున్న ముఖంలోనే చిన్న నవ్వు మెదిలింది. "గిట్లనే ఊపుతుండె! పతంగులెగరేసేటప్పుడు మా గల్లీ పొరగాళ్లు డాబా పిట్టగోడలెక్కుతరు. ఈయన షాపు ఇడిసిపెట్టి ఉరికొచ్చి, రోడ్డు మీద నిలవడి, తువ్వాల గిట్లనే కిందికి కిందికి ఊపుతుండె. 'దిగుండ్రిరా, దిగుండ్రి' అని. వాళ్లు దిగేదాంక ఆడికెల్లి కదలకపోతుండె."

ఏదో తోచినట్టు ఆవిడ ఆగిపోయింది. మెల్లగా తలెత్తి ఉమాకాంత్ వైపు చూసింది.

"ఫొటో కోసం పోలే సార్ ఆయన. ఎవలనో దిగుమంటున్నడు. ఎదురుంగ ఎవరున్నరు సార్? బతికిండ్రా వాళ్లు?"

ఉమాకాంత్ బూట్లు విడిచి, ఆ ఖాళీ బండ ముందు ఆవిడ పక్కనే నిలబడ్డాడు.

"బతికిండు అక్కా," అన్నాడు. "మీ పక్కనే ఉన్నడు."