ఏడో గది మొహాలు

మూడోసారి కూడా ఏడో గది టీచరు ఫోన్ ఎత్తలేదు. తనిఖీ అధికారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కక ఏం చేస్తుంది? పిల్లల మొహం చూసి మనసు చెప్పే కెమెరాలు బళ్ళలో పెట్టి నెల కాలేదు. ఆఫీసు తెర మీద ఆ ఒక్క గదే రోజూ ఎర్రగా వస్తోంది. కోపం, చిరాకు, మళ్ళీ కోపం. కెమెరా మొహాలనే పట్టుకుంటుంది, మెడ కిందిది దానికి అక్కర్లేదు. ఆ మొహాలు చాలవా? కనుబొమలు ముడిచే పిల్లలు, బుగ్గలు పూరించి గుడ్లురిమే పిల్లలు. టీచరైతే వాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

పోయినేడు ఒక టీచరు మీద వచ్చిన ఫిర్యాదును ఆయన చూద్దాంలే అని పక్కన పడేశాడు. దెబ్బలకు తాళలేక ఓ పిల్ల బడే మానేసింది. "మీకు ముందే తెలుసట కదండీ?" అని ఆ తల్లి అడిగిన మాట ఆయన్ని ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

ఈసారి ఆ తప్పు చేయదలచుకోలేదు. సస్పెన్షన్ ఉత్తర్వు ఫోన్‌లో సిద్ధం చేసుకుని, చెప్పాపెట్టకుండా బయల్దేరాడు. దారిలో ఆయన అవస్థ చూసి, ఒంట్లో బాగాలేదా అని డ్రైవరు రెండుసార్లు అడిగాడు.

బడిలో హెడ్మాస్టరు సెలవు. మిగతా గదులన్నీ సంతలా ఉన్నాయి. ఏడో గదిలోంచి మాత్రం చిన్న సవ్వడి లేదు. ఇరవైమంది పిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నారంటే వాళ్ళని ఎంత హడలగొట్టి ఉండాలి!

వెనక తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. టీచరు బోర్డు మీద రాస్తోంది.

"అమ్మా, కాస్త ఆపండి."

ఆవిడ ఆపలేదు. పిల్లల్లో ఒక్కరూ తల తిప్పలేదు. పాపం, వెనక్కి చూడాలన్నా భయమే కాబోలు.

"మిమ్మల్నే!" అని గది అదిరేలా అరిచాడు. సుద్దముక్క కదులుతూనే ఉంది.

ఇంకేం చూడాలి? అక్కడే నిలబడి ఉత్తర్వు పంపేశాడు. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

అరుపు విని వరండాలో ఊడుస్తున్న ఆయా చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఎంత అరిచినా లాభం లేదు సార్. ఈ గదిలో మాటలన్నీ మొహంతో, చేతులతోనే. టీచరమ్మతో సహా ఎవరికీ వినబడదు."