టక్కుమనేదాకా

"మెమరీ చాలదు" అంది కంప్యూటరు, ఆ పొద్దున ఆరోసారి.

"చాలదన్నాక చాలదు. దాంతో వాదన పెట్టుకోకు," అన్నాడు క్లైవ్ టీ చప్పరిస్తూ. "ఈ ఇంట్లో ఉన్న మెమరీ అంతా నీ దగ్గరే ఉందిగా. మన పెళ్ళిలో మా నాన్న తాగి ఎక్కడ పడ్డాడో నీకు ఇప్పటికీ గుర్తే."

"మా అమ్మ ఒళ్ళో," అంది నోలీన్. కానీ నవ్వలేదు.

గుర్రప్పందాల క్లబ్బుకి ఆమె కార్యదర్శి కావడం ఈ ఏడే మొదలు. ఏ పందెం ఎప్పుడో, ఏ గుర్రం ఎవరిదో రాసిన పత్రమంతా ఆ కంప్యూటర్లో ఇరుక్కుపోయింది. పదకొండుకి టపా విమానం దిగుతుంది. పత్రం అందులో ఎక్కకపోతే పందాల రోజుకి అచ్చు కాదు. ఇరవై రెండేళ్ళపాటు ఆ పని టైపు మిషను మీద చేసిన థెల్మా, "పాపం నోలీన్, కంప్యూటరు కూడా కొంది కదా" అని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమంతా తిరిగి జాలిపడుతుంది. ఆ జాలి తలుచుకుంటేనే నోలీన్‌కి ఒళ్ళు మండుతోంది.

మెమరీ పెంచే కొత్త ర్యామ్ ముక్క పోయిన వారం విమానంలోనే వచ్చింది. బిగించేవాడే లేడు. దగ్గర్లో ఉన్న ఊరే నాలుగువందల కిలోమీటర్లు. వరదకి రోడ్డు తెగింది, ఫోను పోయింది. కంప్యూటర్ల కొట్టు ట్రెవర్ పార్సిల్లో చీటీ పెట్టాడు. "శుక్రవారం తొమ్మిదికి రేడియోలోకి వచ్చి ఒక్కొక్కటే చెబుతా. అందాకా ముట్టుకోకండి."

మా వైపు రేడియోల సంగతి చెప్పేదేముంది? చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఒకటే లైను. అవతలి మాట మనకి వినపడితే అదృష్టం. మన మాట అవతలికి చేరిందో లేదో దేవుడికెరుక. ఊళ్ళోంచి ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు, నోరు మూసుకుని వినాలి. మాకు తెలిసిన మర్యాద అదొక్కటే.

తొమ్మిదయింది. రేడియో గరగరలాడింది. ఆ గరగరలోంచి ఒక మగ గొంతు తేలింది.

"...వింటున్నారా? కంగారు పడకండి. ఇది నేను ఎంతమంది చేతో చేయించాను."

"వింటున్నాం బాబూ, చెప్పు!" అంది నోలీన్ మైకులో.

"మంచిది. పొద్దుట్నుంచీ ఏమీ ఇవ్వలేదు కదా?"

"ఏమివ్వాలి?" అన్నాడు క్లైవ్ బిక్కమొహం వేసి.

"కరెంటు, మహానుభావా!" నోలీన్ ప్లగ్గు పీకేసింది.

"కింద కూర్చోబెట్టండి. వెనక గోడకి ఆనించండి. లోపలికి వెలుతురు పడాలి."

క్లైవ్ పెట్టెని దింపి కిటికీ పక్క గోడకి చేరేశాడు. మూత విప్పాడు. లోపల రెండేళ్ళ ఎర్రమట్టి, ఒక బల్లి ఉన్నాయి. బల్లి అతన్ని ఎగాదిగా చూసి తీరిగ్గా బయటికి నడిచింది.

"చేతులు కడిగి తుడుచుకోండి. ఉంగరాలుంటే తీసెయ్యండి."

క్లైవ్ ఉంగరం పెళ్ళినాటి నుంచీ ఊడలేదు. సబ్బు రాసి ఇద్దరూ చెరోవైపు లాగారు.

"ర్యామ్ కోసం నాకు విడాకులిస్తున్నావా?"

"ముందు పత్రం వెళ్ళనీ. తీరికైతే మళ్ళీ చేసుకుందాం."

"ఊడొచ్చేవి ఏమైనా ఉంటే ముందే తీసి జాగ్రత్తగా పక్కన పెట్టండి," అంది గొంతు.

క్లైవ్ పాత ర్యామ్ తీశాడు. నోలీన్ దాన్ని సాసర్లో పెట్టింది. కొత్త ముక్కని గాడి చూసి నిలబెట్టాడు.

"ఇప్పుడు రెండు బొటనవేళ్ళకీ గుడ్డ చుట్టుకోండి."

"గుడ్డెందుకు?"

"షాకు కొట్టకుండా అయ్యుంటుంది. తెలిసినవాడు చెబుతుంటే నీ పెత్తనమేంటి? చుట్టుకో!"

గిన్నెలు తుడిచే గుడ్డ రెండు పీలికలైంది.

"వేళ్ళు రెండు పక్కలా ఆనించండి. రెండు వైపులా సమానంగా కిందికి నొక్కండి. ఒక పక్కే నొక్కితే వంకర పోతుంది."

కోడెలని కొమ్ములు పట్టి పడేసే మనిషి, ఆ చిన్న ముక్క మీంచి చటుక్కున వేళ్ళు తీసేశాడు. "విరుగుతుందే నోలీన్! నావల్ల కాదు!"

"అంత భయమైతే ఎలా? ఏమీ విరగదు. ఇంకాస్త గట్టిగా. టక్కుమనేదాకా."

"చూశావా," అంది నోలీన్ మురిసిపోతూ. "నీ మొహం ఎదురుగా చూస్తున్నట్టే చెబుతున్నాడు."

"అరిచినా పట్టించుకోకండి," అంది గొంతు.

"ఎవరు, నువ్వా?" అన్నాడు క్లైవ్ నోలీన్‌తో.

"కంప్యూటరు! ర్యామ్ సరిగ్గా కూర్చోకపోతే కుయ్యిమంటుందట. పుస్తకంలో ఉంది."

క్లైవ్ కళ్ళు మూసుకుని నొక్కాడు. ఒక పక్క టక్కుమంది. మరుక్షణం రెండో పక్క కూడా.

"వినపడిందా? అంతే! ఇక ఓ అరగంట కదపకండి. మళ్ళీ పలకరిస్తా."

నోలీన్ అయిదు నిమిషాలే ఆగగలిగింది. ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. కంప్యూటరు కుయ్యిమనలేదు. చాలదనీ అనలేదు. పత్రం తెర మీద మొదటి పందెం నుంచి చివరి పందెం దాకా పరుచుకుంది. ప్రింటరు కాగితాలు కక్కుతుంటే నోలీన్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. క్లైవ్‌కి ఓ ముద్దు పెట్టింది. కంప్యూటరుకి రెండు పెట్టింది.

"థెల్మా ఈ ఏడు ఇంకెవరినైనా వెతుక్కోవాలి జాలిపడటానికి," అన్నాడు క్లైవ్.

"ముందు ట్రెవర్‌కి థాంక్స్ చెప్పు. పసిపిల్లలకి చెప్పినట్టు ఎంత ఓపిగ్గా చెప్పాడు!"

క్లైవ్ మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు. ఈలోపే రేడియో పలికింది.

"శభాష్ బెరిల్ గారూ, ఇక కట్టుడు పళ్ళు పెట్టేసి, రెండు వారాలపాటు పెద్దగా ఆవలించొద్దని మీ ఆయనకి చెప్పండి, లేకపోతే ఆ దవడ మళ్ళీ జారిపోతుంది."