ఊరందరి జుట్టు

"అమ్మబాబోయ్! మీ జుట్టు ఊడొచ్చేసింది మేడం!"

మేడం గౌను జిప్పు లాగబోయిన కృప చేతిలోకి విగ్గొచ్చింది. గల్ఫ్‌కొచ్చి, రిఫాలోని ఆ యూదుల ఇంట్లో ఆమె పనికి చేరి వారమే అయింది.

రివ్కా మేడం పడిపడి నవ్వింది. "మా మతంలో పెళ్లయినవాళ్ల జుట్టు భర్త ఒక్కడే చూడాలి కృపా."

"దాచుకోడానికి పెట్టిన విగ్గే ఇంకా బాగుంది కదండీ!"

"ఇది ఊరందరికీ. నాది ఆయనకి."

తలంటుకున్నప్పుడల్లా జుట్టు విరబోసుకుని వాట్సాప్ స్టేటస్ పెట్టే కృప, ఆ సాయంత్రం తల ఆరగానే అక్కడే గలాలీ లేబర్ క్యాంపులో ఉన్న మొగుడికి వీడియో కాల్ చేసింది.

"ఇవాళ స్టేటస్ పెట్టలేదేంటే?" అన్నాడు జయకర్.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"గదిలో ఎనిమిదిమందిమి ఉంటాం కదే!"

"అయితే దుప్పటి ముసుగేసుకోండి," అంది కృప, క్లిప్పు తీస్తూ.