కింది వాటా

"ఆ కోటు విప్పి, మడిచి ఒళ్ళో పెట్టుకో రిమ్మా. నా మాట విను," అంది ఇన్షిరా మెల్లగా.

"విప్పను," అంది రిమ్మా. "ఆఫీసరు ముందుకి మనిషిలా వెళ్ళాలి. అడుక్కునేదానిలా వెళ్తే అలాగే తరుముతారు. మా ఊరు సరాతోవ్‌లో పింఛను కాగితం కోసం వెళ్ళినా పెళ్ళికెళ్ళినట్టే తయారయ్యేవాళ్ళం."

బ్రూక్లిన్‌లో ఒక ధర్మసంస్థ ఆఫీసు. ముందు గదిలో రష్యా నుంచి వచ్చిన రిమ్మా, ఈజిప్టు నుంచి వచ్చిన ఇన్షిరా పక్కపక్కనే కూర్చున్నారు. ఉంటున్నదీ ఒకే మేడలో, నాలుగో అంతస్తులో, ఎదురెదురు వాటాల్లో. లిఫ్టు లేదు. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు, ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి. సంస్థ తక్కువ అద్దెకిచ్చే కింది వాటా ఒకటి అదే మేడలో ఖాళీ అయింది. ఎంతమంది అర్జీ పెట్టినా చివరికి మిగిలింది వీళ్ళిద్దరే. ఇవాళ ఒకరికి తాళంచెవి ఇస్తారు. రెండో ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ మెట్లే ఎక్కాలి.

వేరే పనుల మీద వచ్చినవాళ్ళు కూడా ఊరుకోలేదు. ఈజిప్టువాళ్ళకేం, సందుకో పిజ్జా కొట్టు, మూలకో తిండిబండి, కష్టమొస్తే చూసుకోవడానికి చర్చి ఉందని ఒక రష్యన్ ముసలాయన తేల్చేశాడు. రష్యన్లకేం, ముందొచ్చి సర్కారు సొమ్ము తింటూ సముద్రం ఒడ్డున షికార్లు చేస్తున్నారని ఈజిప్టు టాక్సీ డ్రైవరొకడు తిప్పికొట్టాడు. అంటూనే రిమ్మా కోటు వంక ఓరగా చూశాడు. నిగనిగలాడే, ఖరీదైన మింక్ బొచ్చుకోటు. చేతులు కాస్త పొట్టి అయినా, అది వేసుకుంటే రిమ్మా రాణీగారే. పక్కన ఇన్షిరాది మోచేతుల దగ్గర పలచబడ్డ నల్లగుడ్డ కోటు. ఎవరి బతుకు మెరుగన్న లెక్క మా పేటలో ముప్పై ఏళ్ళుగా తేలలేదు. ఆ కోటు చూశాక మాత్రం ముసలాయన గొంతు తగ్గించాడు.

రిమ్మా ఆ గొడవ పట్టించుకోలేదు. ఇన్షిరా చేతులకున్న ఎర్ర ఉన్ని తొడుగుల మీద పడింది ఆవిడ చూపు.

"ఎంత బాగున్నాయే ఇవి," అంది.

"తీసుకో, నీవే అనుకో," అనేసింది ఇన్షిరా.

ఈజిప్టువాళ్ళ మర్యాద అది. ఎవరైనా ఒక వస్తువు బాగుందంటే, దిష్టి తగలకుండా తీసుకోమంటారు. అవతలివాళ్ళు వద్దు, నీకే అందం అనాలి. అక్కడితో సరి. రిమ్మా పుట్టిన చోట మాత్రం ప్రేమగా ఇచ్చింది వద్దంటే ముఖాన కొట్టినట్టే. ఆవిడ ఇన్షిరా బుగ్గ మీద ముద్దు పెట్టి, తొడుగులు అక్కడికక్కడే వేసేసుకుంది. టాక్సీ డ్రైవరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. ఇన్షిరా చేతులు చంకల్లో దాచుకుంది.

ముందు రిమ్మాని పిలిచారు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆఫీసరు ఏమీ అడగనేలేదు. కోటు బాగుందంది. థాంక్స్ అన్నాను. మంచి మనిషి," అంది ఇన్షిరా చెవిలో. "దిగులుపడకు. కింద నా గదిలో సోఫా నీకే వేస్తాను. మెట్లెక్కే ముందు కూర్చుని వెళ్దువుగాని."

ఇన్షిరా లోపలికి వెళ్ళింది.

ఆఫీసరు మిసెస్ హాలొరన్ బల్ల మీద రెండు ఫైళ్ళు, వాటి పక్కన తాళంచెవి ఉన్నాయి.

"కాగితాల మీద మీరిద్దరూ సమానం. అందుకే ముఖాముఖి చూద్దామని పిలిచాను," అందావిడ. "ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఈ రష్యన్లు కాగితాల్లో బీదవాళ్ళు, వీధిలో జమీందార్లు. అలాంటి కోటున్న మనిషికి ధర్మపు ఇల్లెందుకు చెప్పండి. సంతకం పెట్టండి, ఇల్లు మీదే."

తాళంచెవి ఇన్షిరా ముందుకి జరిగింది. ఆమె కలం పట్టుకుంది. నిన్ననే మూడో అంతస్తులో ఊపిరందక కూలబడితే, కిందనుంచి రొప్పుతూ వచ్చిన రిమ్మా కూడా పక్కనే కూలబడింది. ముసలి గుర్రం అని ఒకరినొకరు వెక్కిరించుకుంటూ అరగంట కూర్చున్నారు. ఆ మెట్లు ఇక ఉండవు. నోరు మూసుకుంటే చాలు. అబద్ధం ఆడక్కర్లేదు కూడా, అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

"ఆవిడ దగ్గర ఏమీ లేదమ్మా," అంది. "వారానికి మూడు పూటలు నా దగ్గర పప్పుచారు తాగి వెళ్తుంది. ఆకలని చెప్పదు, కబుర్లకి వచ్చానంటుంది."

హాలొరన్ నవ్వింది. "స్నేహితురాలు కదా, అలాగే అంటారు. నా కళ్ళతో చూసింది కాదంటే ఎలా? మింక్ కోటు కొన్న మనిషి, ఎంతోకొంత ఎక్కడో దాచుకునే ఉంటుంది. అది ఎవరి దగ్గర కనిపించినా నా తీర్పు ఇంతే."

ఇన్షిరా కలం కింద పెట్టింది. తొడుగుల్లేని వేళ్ళతో తాళంచెవిని బల్ల మధ్యకి తోసేసింది.

"ఆ కోటు నాదమ్మా," అంది. "పోయిన చలికాలం ఆవిడ బాగుందంది."