అమలు ఆడవాళ్ళకు

చేపల తట్టను గేటు బయటే దించి, కాసులమ్మ వరండా మెట్ల దగ్గర నిలబడింది. పట్నంలో, లంజిపల్లిలోని ఆ వకీలు ఇంటికి చేపల వాసన గిట్టదని ఆమెకు తెలుసు.

"నా కొడుకుని సంపినోడికి శిచ్చ పడాల, బాబూ."

వకీలు వెంకటరమణమూర్తి చదువుతున్న పత్రిక మడిచాడు. "ఎవరు చంపారమ్మా?"

"మా ఊరిపెద్ద."

ఆర్యపల్లికి అవతల, ఇసుక దిబ్బల నడుమ ఉన్న చిన్న జాలరిపేట వాళ్ళది. ఊరిపెద్ద గంగన్న. తెల్లవారి తన తెప్ప సముద్రంలో దిగిన తరువాతే మిగిలిన తెప్పలు దిగాలని అతను కట్టడి చేశాడు. ఒకరోజు కాసులమ్మ కొడుకు దేముడు ముందుగా దిగాడు. తప్పు పట్టినవాడు గంగన్న. విచారించినవాడూ అతనే. వెలి వేసి, అది అమలయ్యేలా కాపలా కాసినవాడూ అతనే.

"నా కాడ అందరూ ఒకటే. వెలంటే వెలే" అన్నాడు ఆనాడు.

వెలి పడినవాడికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, పలకరించకూడదు. దేముడు దిబ్బ మీద గుడిసె వేసుకున్నాడు. ఇద్దరు నడపవలసిన తెప్పను ఒక్కడే కెరటాల మీదికి తోశాడు. ఒడ్డుకు కనిపించేంత దూరంలోనే అది తిరగబడింది. మగవాళ్ళు తాళ్ళు పట్టుకుని పరుగెత్తారు. గంగన్న చెయ్యి అడ్డం పెట్టాడు. అందరూ ఆగిపోయారు.

"కేసు వెయ్యవచ్చు. సాక్ష్యం ఎవరు చెబుతారు?" అన్నాడు మూర్తి.

"ఎవుడూ సెప్పడు. ఆడే పోలీసు, ఆడే జడ్జీ. ఆడికి ఎదురెల్లి మా పేటలో ఎవుడు బతుకుతాడు?"

"నీ తరఫున నిలబడే మగదిక్కు?"

"ఎవుడూ లేడు."

రాజ్యాంగానికి తప్ప మరొక గ్రంథానికి దండం పెట్టని మనిషి మూర్తి. చేపలమ్మే ఆమెకు కూడా పూర్తిగా వివరించాడు. నియమం చేసేవాడు ఒకడు, తీర్పు చెప్పేవాడు మరొకడు, అమలు జరిపేవాడు ఇంకొకడు. మూడూ ఒక్క చేతిలో పడితే ఆ చెయ్యి ఎంత మంచిదైనా ప్రమాదమే. దేశానికి అలా రాసుకుని పాతికేళ్ళయింది.

"మరి మా పేటకి రాయనేదేటి, బాబూ?"

"మీరే రాసుకోండి" అన్నాడు మూర్తి. "అయితే అది పగ కాకూడదమ్మా."

"పగే, బాబూ" అంది కాసులమ్మ తట్ట నెత్తికెత్తుకుంటూ. "పద్దతి పెకారం."

జాలరిపేటలో వల మగవాడిది, తట్ట ఆడదానిది. ఒడ్డుకు చేరిన చేపను బస్సెక్కించి ఊళ్ళలో అమ్మేది ఆడవాళ్ళే. కాసులమ్మ ఇల్లిల్లూ తిరిగి, గంగన్న పెత్తనం మీద పేట కూడేదాకా తట్ట ఎత్తవద్దని ఆడవాళ్ళకు చెప్పింది. మర్నాడు ఒక్క తట్టా లేవలేదు. చేపలు ఎండకు ఉబ్బాయి. ఈగలు ముసిరాయి. మగవాళ్ళు గంగన్న మీద విరుచుకుపడ్డారు. పేట మొత్తం కూడవలసి వచ్చింది.

ఇకమీదట కట్టడి చేసేది పేట అంతా కలిసి అని తేలింది. తీర్పు దగ్గర మాట ఆగింది.

"తీర్పు నువ్వే సెప్పప్పా" అంది పొరుగింటి నీలమ్మ.

"నాను సెప్పకూడదు" అంది కాసులమ్మ. "నా కడుపు మండుతోంది. సల్లగున్నోడు సెప్పాల. అప్పయ్య తాతకి ఇయ్యండి. అమలు మాకియ్యండి, ఆడోళ్ళకి."

గంగన్న పగలబడి నవ్వాడు. "గరిటి పట్టుకుని అమలు సేత్తారేటే?"

మగవాళ్ళందరూ నవ్వారు. నవ్వుతూనే ఒప్పుకున్నారు. విచారణ లేకుండా ఎవరు ఎవరిని శిక్షించినా, ఆ శిక్షించినవాడికే వచ్చే పున్నమి దాకా వెలి: అది పేట చేసిన మొదటి కట్టడి.

ఆ తరువాత కాసులమ్మ చెయ్యవలసింది ఏమీ లేదు. వేచి ఉంది.

"నోరు మూసుకున్నాడు కదప్పా, ఇంకేటి సేత్తాడు?" అంది నీలమ్మ.

"నోరు మూసుకుంటాడే. సెయ్యి ఊరుకోదు."

ఊరుకోలేదు. లక్ష్ముడనేవాడు ఒక తెల్లవారుజామున అందరికన్నా ముందు తెప్ప దించబోయాడు. గంగన్న అతని తెడ్డు లాక్కుని మోకాలికేసి విరిచాడు.

"ఈయాల్టి నుంచి నీకు సంద్రంలో ఏట నేదు. ఇంటికి ఫో!"

"ఎవుర్నడిగి సెప్తన్నావు, మావా?"

"ఎవుర్నడగాలిరా? నాను గంగన్నని!"

సాయంత్రం పేట కూడింది. అప్పయ్య లక్ష్ముడి మాట విన్నాడు. చూసినవాళ్ళ మాట విన్నాడు. గంగన్నను తన మాట చెప్పుకొమ్మన్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ అడ్డురాలేదు. దేముడి పేరు ఎవరూ ఎత్తలేదు.

"ఇంకేటైనా సెప్పుకుంటావేటిరా?"

"నిప్పు ఇయ్యకండి, నీళ్ళు ఇయ్యకండి" అన్నాడు గంగన్న పంచె దులుపుకుంటూ. "మీ గుమ్మాలు తొక్కుతానేటి నాను?"

"పున్నమి దాకా వెలి" అన్నాడు అప్పయ్య.

ఆ మాట విన్న మరుక్షణం కాసులమ్మ లేచి, ఎవరి వంకా చూడకుండా, ఇసుకలో గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఆమె వెనక నీలమ్మ లేచింది. మిగిలిన ఆడవాళ్ళందరూ లేచారు. కాసేపటికి పేట పొడవునా తలుపులు మూసుకున్నాయి.

గంగన్న నవ్వుకుంటూ తన ఇంటికి నడిచి, తలుపు తోసి, తెరుచుకోకపోతే మళ్ళీ తోసి, లోపల గడియ పెట్టుకున్న పెళ్ళాన్ని, ఇన్నేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి, పేరుపెట్టి పిలిచాడు: "కాసులమ్మా!"